తారామణి అడిగిన ఫొటో

మొదటి లాక్‌డౌన్ రోజుల్లో గీతిక కెమెరా బీరువాలోంచి బయటికి తీసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, స్నేహితురాళ్ళతో ఊళ్ళు తిరుగుదామని మోజుపడి కొనుక్కుంది. తీరా తిరిగింది ఒక్క హంపీ. ఆ తర్వాత అది సంచీలోనే, దుప్పట్ల కింద పడి ఉంది. ఇంటినుంచే పని అన్నాక, పొద్దంతా లాప్‌టాప్ ముందు కూర్చుని మెడ పట్టేసేది. సాయంత్రం కాస్త గాలికని డాబా ఎక్కేది. నాచారంలో వాళ్ళ గల్లీ అంత నిశ్శబ్దంగా ఉండగా ఆమె ఎన్నడూ చూడలేదు. మల్లాపూర్ వైపు పోయే లారీల మోత లేదు. కార్ఖానాల సైరన్లు లేవు. పుట్టి పెరిగిన గల్లీయే అయినా, ఇన్నాళ్ళూ బండి మీద దాటిపోవడమే తప్ప నిలబడి చూసింది లేదు.

చూడటం మొదలుపెట్టాక ఫొటోలు తీయబుద్ధయింది. గేటు ముందు కుర్చీ వేసుకుని కొడుక్కి తనే క్షవరం చేస్తున్న ఎల్‌ఐసీ ఏజెంటు. నడిరోడ్డు మీద సుద్దముక్కతో గీసుకుని తొక్కుడుబిళ్ళ ఆడుతున్న ఇద్దరు ఆడపిల్లలు. కూరగాయల బండి దగ్గర దూరదూరంగా నిలబడి, మాస్కుల్లోంచే బేరమాడుతున్న అమ్మలక్కలు. మధ్యాహ్నం పూట రోడ్డుకు అడ్డంగా పడుకుని, లేపేవాళ్ళు లేక అట్లాగే నిద్రపోయే కుక్క.

"ఏందే, పొద్దూకితే సాలు, గా డబ్బ పట్టుకొని పైకెక్కుతవు? ఎవలన్న సూస్తే ఏమనుకుంటరు?" అని వాళ్ళమ్మ వెంకటనర్సమ్మ గొణిగేది.

"ఏమనుకోరమ్మా. అందరికీ పంపిస్త గదా," అనేది గీతిక.

నిజంగానే గల్లీ వాట్సాప్ గ్రూపులో రోజుకొకటి పెట్టేది. అంతదాకా ఆ గ్రూపులో పసుపు కషాయాలూ భయపెట్టే కబుర్లూ తప్ప ఏమీ వచ్చేవి కావు. ఫొటో పెట్టగానే అందరికంటే ముందు జవాబిచ్చేవాడు ఎదురింటి విశ్వనాథం.

విశ్వనాథం లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి. కోనసీమ వైపు నుంచి ఉద్యోగానికని వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆయనా, భార్య తారామణీ, ఇద్దరే. పిల్లలు లేరు. ఇన్నేళ్ళూ ఎదురెదురు ఇళ్ళలో ఉన్నా, గీతిక ఆయనతో పట్టుమని పది మాటలు మాట్లాడింది లేదు. లాక్‌డౌన్‌లో ఆయన కూడా సాయంత్రాలు డాబా మీద నడిచేవాడు, అదీ ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని. ఇటు డాబాకూ అటు డాబాకూ మధ్య గల్లీ వెడల్పే.

"అమ్మాయ్! నిన్నటి ఫొటోలో కుక్క బ్రహ్మాండంగా పడింది. మా ఏజెంటు గారి అబ్బాయి తల మాత్రం నువ్వు తియ్యకుండా ఉండాల్సింది, పాపం!" అని అరిచేవాడు.

గీతిక పడీపడీ నవ్వేది. "మిమ్మల్ని తియ్యనా అంకుల్?"

"నన్నా? ఉండు, మాస్కు తీస్తాను."

"తీయకండి, ఆంటీ తిడ్తరు!"

వెనక బట్టలు తీస్తున్న తారామణి, "తీస్తే తిట్టనమ్మా, కొడతాను," అనేది.

అట్లా మొదలైన పలకరింపు లాక్‌డౌన్ ఎత్తేసినా ఆగలేదు. తారామణి చేసిన పనసపొట్టు కూర గిన్నెలో ఇటు వచ్చేది. వెంకటనర్సమ్మ చేసిన సర్వపిండి అదే గిన్నెలో అటు వెళ్ళేది. సంక్షేమ సంఘం వాళ్ళు గేటు పెట్టినా, పండక్కి రంగవల్లుల పోటీ పెట్టినా, గీతికే ఫొటోలు తియ్యాలని విశ్వనాథం పట్టుబట్టేవాడు.

మరుసటి ఏడు ఎండలు ముదిరేసరికి రెండో అల వచ్చింది. మొదటిసారి భయం టీవీలో ఉండేది, ఈసారి గల్లీలోకే వచ్చింది. మూలమీది ఇంట్లో ఒక పెద్దావిడ పోయింది. ఏజెంటు కుటుంబమంతా మంచం పట్టింది. అంబులెన్సు కూత వినపడితే ఎవరి గేటు ముందు ఆగుతుందోనని కిటికీలన్నీ తెరుచుకునేవి. గీతిక కెమెరా తీయడం మానేసింది. ఏది తీసినా తప్పనిపించింది.

మళ్ళీ లాక్‌డౌన్ పెట్టిన వారంలోనే విశ్వనాథానికి జ్వరం తగిలింది. ఆ వెంటనే తారామణికీ. ఇద్దరికీ పాజిటివ్. వెంకటనర్సమ్మ పొద్దున్నే జావ కాచి గేటు మీద పెట్టి వచ్చేది. గీతిక మందులు తెచ్చి తాడుకు కడితే, తారామణి పైనుంచి లాక్కునేది. గీతిక అన్న జీవన్ మల్లాపూర్‌లో వాల్వులు చేసే కంపెనీలో సూపర్‌వైజరు. ఆక్సిజన్ సిలిండరు కోసం తనకు తెలిసిన కంపెనీలన్నీ తిరిగాడు. దొరకలేదు. ఒకనాటి పొద్దున విశ్వనాథానికి ఊపిరి అందడం కష్టమైంది. జీవన్ ఫోన్ల మీద ఫోన్లు చేస్తే, చివరికి సర్కారు దవాఖానాలో మంచం దొరికింది.

అంబులెన్సు వచ్చింది. విశ్వనాథం తన కాళ్ళ మీదే నడిచి ఎక్కాడు. ఎక్కేముందు డాబా వైపు చూసి చెయ్యెత్తాడు. గీతిక కూడా చెయ్యూపింది. తారామణి వరండా గ్రిల్ వెనకే నిలబడిపోయింది. పేషెంటుతో ఎవరూ రాకూడదన్నారు. వెళ్ళే స్థితిలో ఆమె లేదు కూడా.

ఆ తర్వాత దవాఖానా నుంచి కబురు రావడమే గగనమైంది. ఫోను చేస్తే ఎత్తేవారు కాదు. ఎత్తితే, "నిలకడగా ఉన్నారు," అనేవారు. విశ్వనాథం దగ్గరున్న ఫోను చార్జింగు అయిపోయిందో ఏమో, స్విచ్చాఫ్. తారామణికి జ్వరం తగ్గినా దగ్గు తగ్గలేదు. మంచంలోంచి లేచినప్పుడల్లా ఆ నంబరుకే చేసేది.

చివరికి వాళ్ళే ఫోను చేశారు. తెల్లవారుజామున పోయాడని, శవాన్ని ఇంటికి ఇవ్వరని, నేరుగా శ్మశానానికి పంపుతారని చెప్పారు. కావాలంటే ఇద్దరు బంధువులు పీపీఈ కిట్లు వేసుకుని అక్కడికి రావచ్చట.

గీతిక బ్రష్ నోట్లో పెట్టుకుని ఉండగా ఎదురింట్లోంచి తారామణి కేక వినపడింది. ఏడుపు కాదు. పేరు పెట్టి పిలుపు. గీతిక గేటు దాకా పరుగెత్తింది. తారామణి గ్రిల్ పట్టుకుని నిలబడి ఉంది.

"గీతికా, ఆయన పోయారు."

గీతిక నోట్లోని బ్రష్ చేతిలోకి తీసుకుంది.

"మా మరిదికి చేశాను. బుచ్చిబాబుకి. కోనసీమలో వాళ్ళింట్లోనూ జ్వరాలే. సరిహద్దులో ఆపేస్తున్నారట, పాసు లేదట. 'వదినా, మున్సిపాలిటీ వాళ్ళే చేసేస్తార్లే, నువ్వు జాగ్రత్తగా ఉండు,' అన్నాడు. వాణ్ణి అని ఏం లాభం? నేనే వెళ్ళలేకపోతున్నాను." ఆమె కాసేపు దగ్గింది. దగ్గు ఆగాక, గొంతు తగ్గించి అడిగింది. "నువ్వు వెళతావా?"

"నేనా ఆంటీ?"

"ఒక్క ఫొటో తియ్యి. ఆయన ముఖం. ఇంకేం వద్దు. అక్కడ ఎంతమంది పోతున్నారో టీవీలో చూశానుగా. మూటలు కట్టి వరసగా పెడుతున్నారు. పేరు చీటీ అతికిస్తే సరిపోతుందా? అది ఆయనేనని నాకెట్లా తెలియాలి? తెలియకపోతే రేపొద్దున గేటు చప్పుడైనప్పుడల్లా లేచి చూస్తాను, గీతికా. బతికినన్నాళ్ళూ చూస్తూనే ఉంటాను."

"వీడియో కాల్ చేస్తా ఆంటీ. మీరే చూడొచ్చు."

"వద్దు. మంట చూడలేను. ఫొటో అయితే, నాకు చూసే శక్తి వచ్చినప్పుడు చూసుకుంటాను."

ఆ మాట అని ఆమె లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. గీతిక అక్కడే నిలబడింది. వెనక్కి తిరిగితే వాకిట్లో తల్లీ, అన్నా ఉన్నారు. అంతా విన్నారని వాళ్ళ ముఖాలే చెబుతున్నాయి.

"నువ్వు పోవుడు కుదరదు," అంది వెంకటనర్సమ్మ. "ఆడపిల్లవు. పెండ్లి గావాల్సిన పిల్లవు. మామూలు సావైతెనే ఆడోళ్ళం ఆడిదాంక పోము. గిది గీ బీమారి సావాయె."

"నేను పోత," అన్నాడు జీవన్. "ఫోన్ల ఫొటో కొట్టుకొస్త. నువ్వు ఇంట్ల ఉండు గీతా."

"నన్ను అడిగింది అన్నా."

"ఎవరు తీస్తే ఏంది?"

 చెప్పడానికి గీతిక దగ్గర కారణమేమీ లేదు. అడిగినప్పుడు తారామణి తన కళ్ళలోకే చూసింది, అంతే. లోపలికి వెళ్ళి కెమెరాకు బ్యాటరీ వేసింది. బయటికొచ్చేసరికి వెంకటనర్సమ్మ గడపలో అడ్డంగా కూర్చుని ఉంది. తండ్రి పోయిననాడు కూడా ఆమె ఇట్లాగే గడపలో కూర్చుంది. అప్పుడు గీతిక బడికి పోయే పిల్ల. కాటికి తీసుకుపోయేటప్పుడు తనను చూడనివ్వలేదని గీతిక ఎన్నోసార్లు తల్లితో గొడవపడింది.

కాసేపటికి వెంకటనర్సమ్మ లేచి దారి ఇచ్చింది.

"ముక్కు మూతి మంచిగ కట్టుకో. ఏమీ ముట్టుకోకు. అచ్చినంక ఎనక దిక్కు నుంచి రా, నీళ్ళు పెడ్త," అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అన్నాచెల్లెళ్ళిద్దరూ బండి మీద బయల్దేరారు. నాచారం మెయిన్ రోడ్డు మీద షట్టర్లు దింపి ఉన్నాయి. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర పోలీసులు ఆపారు. జీవన్ చెప్పింది విని, అక్కడున్న ఎస్సై బారికేడు పక్కకు జరిపించాడు.

శ్మశానం గోడ దూరంనుంచే పొగతో కనిపించింది. లోపల అంబులెన్సులు వరసలో నిలబడ్డాయి. తెల్ల కిట్లు వేసుకున్న మనుషులు అటూ ఇటూ నడుస్తుంటే ఎవరు పనివాళ్ళో, ఎవరు అయినవాళ్ళో తెలియలేదు. ఏడుపులు కూడా పెద్దగా లేవు. మాస్కు, దానిమీద ప్లాస్టిక్ తెర, ఏడ్చినా బయటికి వినపడేట్టు లేదు. గేటు దగ్గర ఇచ్చిన కిట్టు లోపల గీతికకు చెమటలు ధారగా కారాయి.

విశ్వనాథం పేరు పిలిచేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. స్ట్రెచర్ మీద, జిప్పు వేసిన సంచిలో తెచ్చి దించారు. సంచి మీద మార్కరుతో రాసిన పేరు సగం చెరిగిపోయి ఉంది. 'విశ్వ' అన్నంత వరకే చదవగలిగింది.

"అన్నా, ముఖం ఒక్కసారి చూపించు," అని మోసుకొచ్చినవాణ్ణి అడిగింది గీతిక.

అతను తల అడ్డంగా ఊపాడు. "తెరవొద్దమ్మా. ఆర్డర్ లేదు. మీరేమైతరు?"

"ఎదురింటోళ్ళం."

"ఇంటోళ్ళు రాలే?"

"భార్య ఒక్కతే ఉంది. ఆమెకు కూడా పాజిటివే. రాలేదు. ముఖం చూస్తేగానీ నమ్మనన్నది. ఫొటో తీసుకురమ్మన్నది. నేను ఆమెకు మాట ఇచ్చిన అన్నా." నిజానికి మాట ఇవ్వలేదు. గేటు దగ్గర సరేనని కూడా అనలేదు. కానీ అన్నాక అది నిజమేననిపించింది.

అతను పక్కవాడి వైపు చూశాడు. ఇద్దరూ చాలా అలసిపోయి ఉన్నారు. పక్కవాడు, "జల్ది కానియ్యి. ఎనక ఇంకా బండ్లున్నయి," అన్నాడు. మొదటివాడు వంగి, జిప్పు గుండెల దాకా లాగి, రెండు చేతులతో ప్లాస్టిక్ పక్కకు తొలగించి పట్టుకున్నాడు.

గీతిక కెమెరా ఎత్తింది. ముఖానికున్న తెర మీద ఆవిరి పట్టి అంతా మసగ్గా ఉంది. అందులోంచి ఏదీ సరిగా కనపడదు. అంచనా మీద, చేతులు వణక్కుండా మోచేతులు డొక్కలకు ఆనించుకుని, నొక్కుతూ పోయింది.

"అయిందా?"

"అయింది."

జిప్పు మూసేశారు. గీతిక ఆయన ముఖాన్ని తన కళ్ళతో చూడనే లేదు.

"నిప్పు ఎవలు వెడ్తరు?" అని అడిగాడు పనివాడు. "మేమే వెట్టాల్నా?"

జీవన్ ఒక్కడుగు ముందుకేశాడు. "నేను పెడ్త." తండ్రికి పెట్టినప్పుడు వాడికి మీసాలు కూడా సరిగా రాలేదు. ఇప్పుడు ఎవరూ చెప్పకుండానే ఎటునుంచి తిరగాలో అటునుంచి తిరిగాడు. గీతిక కెమెరా సంచీలో పెట్టేసి, మంట లేచిందాకా నిలబడింది.

ఇంటికొచ్చి, వెనక గుమ్మం దగ్గర తలస్నానం చేసి, అంతా అయ్యాక గీతిక గది తలుపు వేసుకుంది. ఫొటోలు కంప్యూటర్లో తెరిచింది. చాలావరకు చెదిరిపోయాయి. ఒక్కటి మాత్రం స్పష్టంగా పడింది.

విశ్వనాథమే. ముక్కు మీద ఆక్సిజన్ మాస్కు ఒరుసుకున్న చోట నల్లగా కమిలింది. ముక్కులో దూది. పెదాలు పగిలి ఉన్నాయి. చెంపలు లోపలికి పోయి, తెల్లటి గడ్డం పెరిగి ఉంది. కళ్ళు మూసి ఉన్నాయి. గీతిక అప్పుడు ఏడ్చింది. పొద్దున్నుంచీ ఏడవలేదని అప్పుడే గుర్తొచ్చింది.

ఆ రోజు తారామణి ఫొటో అడగలేదు. మర్నాడూ అడగలేదు. "ఆయనేనా?" అని మాత్రం ఫోనులో అడిగింది. "ఆయనే ఆంటీ," అంది గీతిక. అవతల చాలాసేపు ఊపిరి చప్పుడు వినపడింది. తర్వాత ఫోను పెట్టేసింది. బూడిద జీవన్ ఎత్తించి, శ్మశానం ఆఫీసులో భద్రం చేయించాడు.

గీతికకు నిద్ర కరువైంది. ఆ ముఖం తారామణికి ఎట్లా చూపించడం? ఒక సాయంత్రం సాఫ్ట్‌వేర్ తెరిచి, ముక్కు మీది కమిలిన మచ్చ చెరిపింది. పెదాల రంగు సరిచేసింది. దూది తీసేసింది. వెంకటనర్సమ్మ టీ తెచ్చి, భుజం మీదుగా చూస్తూ నిలబడింది.

"గిదేంది, ఏం జేస్తున్నవ్?"

"గట్ల చూస్తే తట్టుకోలేదమ్మా. కొంచెం మంచిగ చేస్తున్న."

వెంకటనర్సమ్మ మంచం అంచున కూర్చుంది. "మీ నాయిన యాక్సిడెంట్ల పోతే, ముఖం మీద గుడ్డ కప్పి తెచ్చిన్రు. తియ్యనియ్యలే. నేను తట్టుకోనన్నరు. ఇయ్యాల్టికీ ఆ గుడ్డ కింద ఎట్లుండెనో అని అనుకుంట. నేను అనుకునేటివన్నీ, ఉన్నదాని కన్న ఘోరమే కావచ్చు." లేచి టీ గ్లాసు చేతికిచ్చింది. "ఆమె ఏది అడిగిందో అదియ్యి."

గీతిక సరిచేసిందంతా తీసేసి, ఫొటో తీసినట్టే ఉంచింది.

తారామణికి నెగటివ్ వచ్చిన రోజు తనే గల్లీ దాటి వచ్చింది. చిక్కి సగమైపోయింది. లోపలికి రమ్మన్నా రాలేదు. అరుగు మీద కూర్చుని, "చూపించు," అంది.

గీతిక లాప్‌టాప్ ఆమె ఒళ్ళో పెట్టి, కొంచెం దూరంగా కూర్చుంది. వెంకటనర్సమ్మ గుమ్మంలో నిలబడింది. తారామణి కళ్ళజోడు సరిచేసుకుని చూసింది. చాలాసేపు చూసింది. స్క్రీను ఆరిపోతే వేలితో తాకి మళ్ళీ చూసింది.

"గడ్డం," అంది చివరికి. "నలభయ్యేళ్ళ కాపురంలో ఈయన్ని గడ్డంతో చూడలేదమ్మా. సెలవు రోజైనా సరే, కాఫీ కంటే ముందు గడ్డం. జ్వరంతో కూడా గీసుకున్నారు, అంబులెన్సు వచ్చిన పొద్దున." వేలు తెరకు తగలకుండా చెంప మీదుగా జరిపింది. "వాళ్ళ నాన్నగారిలా ఉన్నారు."

స్క్రీను వైపే చూస్తూ అడిగింది. "కళ్ళు ఎవరు మూశారు?"

"తెలీదు ఆంటీ. నేను తీసేటప్పటికే మూసి ఉన్నాయి."

"ఎవరో మూశారన్నమాట. అంత హడావుడిలోనూ ఎవరో చెయ్యి పెట్టారు. వాళ్ళు చల్లగా ఉండాలి." ఆ మాట అన్నాక ఆమెకు ఏడుపొచ్చింది. పక్కింటివాళ్ళు బయటికొచ్చి చూసేంత గట్టిగా ఏడ్చింది. వెంకటనర్సమ్మ వచ్చి పక్కన కూర్చుని, ఆమె తలను తన భుజానికి చేర్చుకుంది. ఎవరైనా ఎవరినైనా ముట్టుకుని చాలా కాలమైన రోజులవి.

నిప్పు పెట్టింది జీవన్ అని అప్పుడే తెలిసింది ఆమెకు.  మర్నాడు వాణ్ణి పిలిచి, కంచంలో అన్నం పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంది.

పాసులు ఇవ్వడం మొదలయ్యాక బుచ్చిబాబు వచ్చి బూడిద గోదావరికి తీసుకుపోయాడు. వదినను కూడా తనతో రమ్మన్నాడు. ఆమె వెళ్ళి, కర్మకాండ కాగానే తిరిగి వచ్చేసింది. నా ఇల్లు నాచారంలోనే ఉందంది.

వర్షాలు పడ్డాక తారామణి ఫ్యామిలీ పెన్షను పని మీద సికింద్రాబాదు వెళ్ళాల్సి వచ్చింది. గీతిక సెలవు పెట్టి తోడు వెళ్ళింది. హబ్సిగూడలో మెట్రో ఎక్కారు. తారామణి మెట్రో ఎక్కడం అదే మొదటిసారి. మధ్య సీట్లు వదిలేయమని అతికించిన కాగితాలు ఇంకా ఉన్నాయి. ఒక సీటు ఖాళీ వదిలి ఇద్దరూ కూర్చున్నారు. తారామణి చాలాసేపు బయటికే చూస్తూ ఉంది.

మెట్టుగూడ దాటుతుండగా ఒక్కసారిగా లేచి, అద్దానికి చెయ్యి ఆనించింది.

"అదిగో గీతికా, ఆ వరసలో చివరిది! మా క్వార్టరు. పెళ్ళయి అక్కడికే వచ్చాను. వాన వస్తే వంటింట్లో గొడుగు వేసుకునేవాళ్ళం. పొయ్యి మీద ఈయన గొడుగు పట్టుకుంటే నేను వండేదాన్ని. నువ్వు చూడు, చూడు."

గీతిక లేచి ఆమె పక్కకు చేరేసరికి బండి ముందుకు పోయింది. పసుపు పచ్చ గోడ ఒకటి, దాని మీద వాలిన వేపకొమ్మ, అంతే కనిపించాయి.

"చూశావా?"

"చూశాను ఆంటీ," అంది గీతిక. "గొడుగు ఎవరిది?"

"ఆఫీసుది," అంది తారామణి. కూర్చుంటూ, ఆ గొడుగు కథ మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.